మూడో వేలు

నతానియేలు సారు ఎర్ర పెన్సిలు తీశాడు. ఓబులమ్మ గీసిన బొమ్మలో తల మీద ఒక గీటు కొట్టాడు. తర్వాత తోక మీద కొట్టాడు. తర్వాత కళ్లు, ముక్కు, ఈకలు. చివరికి పేజీలో ఒక ఎముక, రెండు వేళ్లు మిగిలాయి.

“పదికి రెండు,” అన్నాడు సారు.

ఓబులమ్మ చెవులు వేడెక్కాయి. ఆ బొమ్మ గీయడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

“ఎందుకు సార్ కొట్టేసినారు?”

“దీని తల ఇట్లుంటుందని నీకు ఎవరు చెప్పినారు?”

“మీరే గదా సార్, కోడి మాదిరి అంటిరి.”

“మాదిరి అన్నా. కోడి అన్లేదు. దాని తల ఎవరికీ దొరకలేదు. దొరకనిదాన్ని గీయొద్దని రెండుసార్లు చెప్పినా.”

వెనక బెంచీలో ఆదినారాయణ నవ్వాడు. వాడు అయిదు నిమిషాల్లో మూడు ఎముకలు మూడు గీతలుగా గీసి పుస్తకం మూసేశాడు. వాడికి పదికి ఎనిమిది.

“సోమరిపోతుకు ఎనిమిదా?” అంది ఓబులమ్మ. మెల్లగా అనలేదు.

“కూర్చో,” అన్నాడు సారు.

ఆమె కూర్చుంది. ఎర్ర గీట్లున్న పేజీని చింపి, నాలుగు మడతలు పెట్టి, గుప్పిట్లో బిగించింది. బడి వదిలేదాకా గుప్పిలి విప్పలేదు.

అది 1957 మార్చి. ఆళ్లగడ్డలో ఒంటిపూట బళ్లు మొదలైన వారం. ఆరో తరగతి పిల్లలు గీసిన ఎముకలు ఒక జానెడు రాయిలో ఉన్నాయి. ఆ రాయి సారు స్నేహితుడు ఆనందరావుది. ఆయనది నంద్యాల. ఉద్యోగం మాత్రం ఉత్తరాన, నర్మదా నది వైపు. అక్కడ నేల తవ్వి రాళ్లు పరీక్షించడం ఆయన పని. చెల్లెలి పెళ్లికి సెలవు మీద వస్తూ రాయిని వెంట తెచ్చాడు. శనివారం నంద్యాలలో పిల్లల సైన్సు ఎగ్జిబిషన్ ఉంది. అక్కడ పెట్టుకోవడానికి వారం రోజులు సారుకు ఇచ్చాడు.

రాయిలో ఒక పొడుగు ఎముక ఉంది. దాని కింద రెండు వేళ్లు ఉన్నాయి. మూడో వేలికి మొదలు మాత్రం కనబడుతుంది. ఆ తర్వాత అంతా రాయే.

“ఇది రాక్షసబల్లి జాతిలోది,” అని సారు మొదటి రోజే చెప్పాడు.

“రాక్షసబల్లి అంటే కొండంత ఉండాల గదా సార్?” అని ఆదినారాయణ అడిగాడు.

“అన్నీ ఉండవురా. ఇది కోడి కంటే కొంచెం పెద్దది. పక్షి మాదిరి రెండు కాళ్ల మీద పరిగెత్తేది. కోట్ల ఏండ్ల కిందటి మాట. దొరికింది ఇంతే. పేరు కూడా ఇంకా పెట్టలేదు.”

ఇంతే అనే మాట ఓబులమ్మకు నచ్చలేదు. వాళ్ల ఇంట్లో ఆ మాట ఉండదు.

ఓబులమ్మ నాయన మద్దిలేటాచారి విగ్రహాలు చెక్కుతాడు. కిందటి నెలలో ఒక లక్ష్మీదేవి విగ్రహం పూర్తి కావస్తుండగా చిటికెన వేలు కొస ఎగిరిపోయింది. ఇరవై రోజుల పని. నాయన విగ్రహాన్ని తాను పని చేసే కొట్టం వెనక పడుకోబెట్టి కొత్త రాయి తెచ్చుకున్నాడు.

“అతికిస్తే ఎవరికి తెలుస్తాది?” అని అమ్మ రామేశ్వరమ్మ అడిగింది.

“నాకు తెలుస్తాది. లోటున్న బొమ్మ మన గడప దాటగూడదు,” అన్నాడు నాయన.

ఎర్ర గీట్లు పడిన సాయంత్రమే సారు ఆ రాయిని ఓబులమ్మ ఇంటికి తెచ్చాడు. చెక్క పెట్టెలో దూది పరిచి, దాని మీద పెట్టి తెచ్చాడు. ఎగ్జిబిషన్‌లో రాయి నిలబడాలంటే పీఠం కావాలి.

మద్దిలేటాచారి రాయిని చేతికి తీసుకోలేదు. వంగి చూశాడు.

“మూడో వేలు లేదు గదా సార్.”

“లేదప్పా. అట్లనే నిలబెట్టాల.”

నాయన తల ఊపాడు. నల్లరాయిలో గాడి కొట్టి, పొద్దు గూకేలోపల పీఠం తయారు చేశాడు. రాయిని అందులో నిలబెట్టాడు. మరుసటి రోజు పొద్దున ఒక విగ్రహం నిలబెట్టడానికి చాగలమర్రి బస్సెక్కాడు.

“రేపు సాయంత్రం వస్తా. సారు రాయిని ఎవరూ ముట్టగూడదు,” అని అమ్మతో చెప్పాడు. ఓబులమ్మ వైపు చూస్తూ చెప్పాడు.

బుధవారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చి ఓబులమ్మ కొట్టంలోకి వెళ్లింది. అమ్మ ఇంట్లో జొన్నలు విసురుతోంది. తిరగలి చప్పుడు వినబడుతోంది.

రాయి ముందు కూర్చుంది. రెండు వేళ్లు. మూడో దానికి మొదలు.

“పదికి రెండంట,” అంది రాయితో.

ఓబులమ్మకు ఉలి ఇవ్వరు. బొమ్మల్ని నున్నగా అరగదీసే పని ఇస్తారు. కానీ ఆరేళ్లుగా ఆమె నాయన పక్కనే కూర్చుని ఆ చేతుల్నే చూస్తోంది. సుత్తి ఎంత ఎత్తు లేస్తుందో, ఉలి ఎంత వాలుతుందో ఆమెకు తెలుసు. మూల విరిగిందని నాయన పక్కన పెట్టిన సన్న ఉలి గూట్లో ఉంది. అది తీసుకుంది.

పెరట్లో కోడి తిరుగుతోంది. దాన్ని పట్టుకొచ్చి కాలు రాయి పక్కన పెట్టి చూసింది. కోడి గీరింది. వదిలేసింది. చూడాల్సింది చూసేసింది.

రాయి మెత్తగా ఉంది. సుద్ద కంటే కొంచెం గట్టి, అంతే. తిరగలి తిరిగినంతసేపు ఉలి ఆడింది. పెచ్చులు ఒళ్లో రాలాయి. మూడో వేలు బయటికి వచ్చింది. తిన్నగా, కోడి వేలి మాదిరే. గోరు కూడా పెట్టింది.

“ఇప్పుడు కొట్టమను ఎర్ర గీటు,” అంది.

లేచి పరికిణీ దులిపింది. అప్పుడు ఒక పెచ్చు కనబడింది. మిగతావన్నీ తెల్లగా ఉన్నాయి. దాని అంచు గోధుమరంగులో ఉంది.

రాయి లోపల ఏముందో తెలియాలంటే నాయన తడిపి చూస్తాడు. ఓబులమ్మ పెచ్చును నీళ్లలో ముంచింది. గోధుమరంగు నల్లబడింది. కొడవలి కొస మాదిరి వంపు కనబడింది. అది రాయి కాదు. ఆ రెండు వేళ్ల ఎముక ఏ రంగో, ఇదీ అదే రంగు.

తాను చెక్కిన వేలి పక్కన తడి చేత్తో రుద్దింది. అక్కడ గోధుమరంగు చుక్క ఒకటి తేలింది. తెగిన చుక్క.

మూడో వేలి గోరు మొదట్నుంచీ రాయిలోనే ఉంది. తిన్నగా లేదు, లోపలికి వంగి ఉంది. వంగిందాన్ని తెగ్గొట్టి తిన్నగా ఉన్నది పెట్టింది ఓబులమ్మ.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. సారు మీద వచ్చింది, ఆదినారాయణ మీద వచ్చింది, రాయి మీద వచ్చింది.

“ఉంటే బయటికి కనబడొచ్చు గదా!” అని రాయిని తిట్టింది.

తిరగలి ఆగింది.

ఓబులమ్మ పెచ్చులన్నీ ఊడ్చి కొట్టం వెనక రాతిపొట్టు కుప్పలో పారేసింది. ఎముక రంగు రావాలని ఎర్రమన్ను నూనెలో కలిపి కొత్త వేలికి రుద్దింది. రాయి మీద గుడ్డ కప్పింది.

“ఏం చేస్తాండావే ఆడ?” అమ్మ కేకేసింది.

“ఏం లేదు!” అని అరిచింది ఓబులమ్మ.

గురువారం సాయంత్రం సారు వచ్చాడు. నాయన అప్పుడే బస్సు దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. సారు గుడ్డ తీశాడు. తీసిన గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

“ఆచారీ! మూడో వేలు!” అన్నాడు. గొంతు మారిపోయింది. “పైనున్న మట్టి రాలినట్లుండాది. ఆనందరావు చూడనేలేదు ఇది. ఈ పొద్దే కార్డు రాస్తా. వాడు దీని మీద పుస్తకం రాస్తాండాడు. ఈ వేలే మొదటి పేజీలో పెడతాడు.”

ఓబులమ్మ గుంజ పట్టుకుని నిలబడింది. ఇంకెవరూ గీటు కొట్టరు. నోరు మూసుకుని ఉంటే చాలు.

మద్దిలేటాచారి తడి కాళ్లతోనే వచ్చాడు. వంగాడు. బొటనవేలితో రాయిని రుద్దాడు. ఎర్రమన్ను వేలికి అంటుకుంది. ఇంకా వంగి చూశాడు. మూల విరిగిన ఉలి కొట్టిన ప్రతి చోటా పక్కన వెంట్రుకంత గీత పడుతుంది. కొత్త వేలి పొడుగునా ఆ గీత ఉంది.

“కార్డు రాయొద్దు సార్,” అన్నాడు. “ఇది ఎముక కాదు. చెక్కింది. ఇది నా ఉలి గీత.”

సారు ముఖం చూసి ఓబులమ్మ తల దించుకుంది.

“నమ్మి ఇచ్చినా ఆచారీ,” అన్నాడు సారు. “బొమ్మ చెయ్యమంటినా? నిలబెట్టమంటి. నువ్వు చెప్పకపోయింటే నేను కార్డు రాద్దును, వాడు పుస్తకంలో రాసును. ఎంత మంది చదివి అబద్ధం నేర్చుకుందురో తెలుసునా నీకు?”

నేను ఊళ్లో లేను అని నాయన చెప్పవచ్చు. చెప్పలేదు. ఒక్కసారి కూతురి వైపు చూశాడు. తర్వాత సారు వైపు తిరిగాడు.

“ఉలి నాది సార్. తప్పు నాదే.”

“ఇరవై ఏండ్లుగా ఈ ఊళ్లో నీ మాటంటే...” సారు పెట్టె చేతిలోకి తీసుకున్నాడు.

“నాయన కాదు!”

ఇద్దరూ తిరిగి చూశారు. ఓబులమ్మ గుంజ వదిలేసింది.

“నేనే చెక్కినా. నాయన చాగలమర్రిలో ఉండె. నిజం వేలు లోపలుండె. అది తెలీక నేను తెగ్గొడితిని. పెచ్చులు కుప్పలో పారేస్తిని. మన్ను కూడా నేనే పూస్తిని. నాయన్ను ఏమనొద్దు!”

సారు వంగి మూడో వేలిని మళ్లీ చూశాడు.

“నాకు పదికి రెండేస్తిరి,” అంది మళ్లీ.

నాయన చెయ్యి ఎత్తాడు. కొట్టలేదు. చెయ్యి దించాడు.

“ముట్టొద్దని చెప్పి పోతినా లేదా?”

“లోటున్నది గడప దాటగూడదని నువ్వే అంటివి గదా!”

“నేను చెక్కిన దాన్ని అంటి!” నాయన అరిచాడు. ఆయన అరవడం ఓబులమ్మ ఎప్పుడూ వినలేదు. “దీన్ని చెక్కినోడు నేను కాదు. నువ్వూ కాదు. ఇంకొకరి పని మీద ఉలి పెట్టినోడు మన ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు. ఈ పొద్దు పుట్టింది.”

సారు పెట్టె కింద పెట్టాడు.

“పెచ్చులు యాడ పారేసినావ్?”

కుప్ప మోకాలెత్తు ఉంది. అంతా నల్లరాతి పొట్టు. ఓబులమ్మ ఇంట్లోకి పరిగెత్తి జల్లెడ తెచ్చింది.

“ఓసి నీ! అది పిండి జల్లెడే!” అని అమ్మ వెంటబడింది. కుప్ప దగ్గర ముగ్గుర్నీ చూసి ఆగింది. సంగతి విని జల్లెడ కూతురికే వదిలేసింది. “జల్లించు. చేతులు పడిపోయేదాకా జల్లించు,” అంది.

నల్ల పొట్టులో తెల్ల పెచ్చులు కనబడతాయి. ఒక్కొక్కటి తీసి తడిపి చూశారు. వెలుతురు పోయేలోపల రెండు ముక్కలు దొరికాయి. ఒకటి ఓబులమ్మ ముందురోజు తడిపి చూసిన కొడవలి కొస. రెండోది గోరు మొదలు. రెంటినీ పక్కపక్కన పెడితే కలవలేదు. మధ్యలో ఇంకో ముక్క ఉండాలి.

“అతికించి ఇద్దునా సార్?” అని నాయన అడిగాడు.

“వద్దప్పా. ఇంక ఎవరూ ఏమీ చెయ్యొద్దు.” సారు పెట్టె అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

శుక్రవారం ఓబులమ్మ ఒంటరిగా కుప్ప మొత్తం జల్లించింది. రెండుసార్లు జల్లించింది. మధ్య ముక్క దొరకలేదు.

శనివారం పొద్దున ఆమె ఒక అగ్గిపెట్టె తెచ్చింది. అట్టముక్కలతో లోపల మూడు గళ్లు చేసింది. మొదటి గడిలో గోరు మొదలు, మూడో గడిలో కొస పెట్టింది.

“నడిమిది ఖాళీగా ఉంటే కదులుతాదే,” అంది అమ్మ. “ఏదో ఒక రాతిముక్క పెట్టు.”

“ఖాళీగానే ఉండనీ మ్మా!” అని ఓబులమ్మ విరుచుకుపడింది.

నాయన విన్నాడు. బస్సు దాకా మోయడానికి రాయి పెట్టెను తానే ఎత్తుకుని గడప దాటాడు. లోటున్న రాయి ఆ గడప దాటడం అదే మొదలు.

బస్సు శిరివెళ్ల దాటేదాకా సారు కిటికీ బయటికే చూశాడు. దాటాక అన్నాడు: “ఆనందరావుకు నువ్వే చెప్పాల.”

“చెప్తా,” అంది ఓబులమ్మ.

నంద్యాలలో ఒక బడి హాల్లో బల్లలు వరసగా వేశారు. రాయిని వాటిలో ఒకదాని మీద నిలబెట్టారు. వెనక గోడకు సారు గీసిన పటం తగిలించారు. పటంలో ఎముకలున్న చోట ఎముకలు, మిగతా చోట తెల్ల కాగితం. ఓబులమ్మ ఒక అట్ట మీద రాసి రాయి ముందు పెట్టింది. “ఈ మూడో వేలు నిజం కాదు. తప్పుగా చెక్కింది. చెక్కినది కె. ఓబులమ్మ, ఆరో తరగతి.”

ఆదినారాయణ దాన్ని పైకి చదివాడు. మళ్లీ చదివాడు.

“ఇంకోసారి చదువుతావా?” అంది ఓబులమ్మ పళ్లు బిగించి. వాడు పక్క బల్లకు వెళ్లాడు.

ఆనందరావు పది గంటలకు వచ్చాడు. ఖాకీ చొక్కా, దుమ్ము పట్టిన బూట్లు. ఓబులమ్మ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఏ ఉలి, ఎక్కడ పెట్టింది, ఎటు కొట్టింది, ఏం రాలింది, ఎక్కడ పారేసింది. ఏదీ దాచలేదు. ఆయన వింటూ రాయిని చూశాడు. ముఖం ఎర్రబడింది.

“నీకిచ్చినాను చూడు, నా బుద్ధి గడ్డి తినింది,” అన్నాడు నతానియేలు సారుతో. “రెండు చలికాలాలు ఎండిన వాగులో మోకాళ్ల మీద పాకి తెచ్చుకున్న రాయి ఇది.”

సారు తల వంచుకున్నాడు. ఆనందరావు బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. ఓబులమ్మ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. కాళ్లు నొప్పి పుట్టినా కూర్చోలేదు.

మధ్యాహ్నం కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఆయన వెనక నలుగురు నడుస్తున్నారు. పటం చూసి ఆగాడు.

“తల లేకపోతే ఏం బాగుంటుందమ్మా? ఆచారుల పిల్లవంట గదా. బాగా గీస్తావంట. ఒక తల గీసెయ్యి.” జేబులోంచి పెన్సిలు తీసి ఆమె చేతికిచ్చాడు.

“తల దొరకలేదు సార్.”

“దొరక్కపోతేనేం? కోడి తల పెట్టు. పిల్లలు సంతోషపడతారు.”

“దొరకలేదు సార్.”

ఆయన నవ్వాడు. వెనకున్న నలుగురూ నవ్వారు. “గీయి తల్లీ. ఎవరు చూసినారు?”

“ఎవరూ చూడలేదు గదా సార్!”

హాలంతా వినబడింది. ఓబులమ్మ పెన్సిలు బల్ల మీద పెట్టి ఆయన వైపు తోసింది. ఆయన నవ్వు ఆగింది. పెన్సిలు తీసుకుని పక్క బల్లకు నడిచాడు.

“ఏందా అరుపు, పెద్దోళ్ల ముందర?” అన్నాడు సారు. కోప్పడినట్టే అన్నాడు.

వాకిట్లో ఆనందరావు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచి వచ్చాడో ఎవరూ చూడలేదు. బల్ల దగ్గరికి వచ్చి అగ్గిపెట్టె తెరిచాడు. మూడు గళ్లు చూశాడు.

“నడిమిది?”

“దొరకలేదు. కుప్ప రెండుసార్లు జల్లించినా. మళ్లీ జల్లిస్తా.”

ఆయన అగ్గిపెట్టె మూశాడు. కోపం ముఖంలోంచి పోలేదు. సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు.

“నువ్వు చెక్కక ముందు ఈ మూల ఎట్లుండెనో నా దగ్గర ఫోటో లేదు. నీకు గుర్తుందా?”

“ఉంది.”

“గీయి.”

ఓబులమ్మ కూర్చుంది. పొడుగు ఎముక గీసింది. రెండు వేళ్లు గీసింది. మూడో వేలి మొదలు గీసింది. ఉలి పెట్టిన చోట చుక్క పెట్టింది. అగ్గిపెట్టెలో ఉన్న రెండు ముక్కలూ వాటి వాటి చోట గీసింది. రెంటి మధ్యకు వచ్చేసరికి పెన్సిలు ఆగింది. వంపు ఎటు పోతుందో ఆమె చేతికి తెలిసినట్టే ఉంది. ఒక్క గీత గీస్తే రెండూ కలిసిపోతాయి.

పెన్సిలు ఎత్తింది. ఆ చోటును అట్లాగే వదిలేసి పుస్తకం ముందుకు జరిపింది.

నతానియేలు సారు వంగి చూశాడు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. బొమ్మను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. పెన్సిలు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.